ఆటలో అరటిపండు – బాల్యక్రీడలలో అందరికీ చోటు

మన తెలుగులో "ఆటలో అరటిపండు" అనే పలుకుబడి ఒకటి ఉన్నది. పెద్ద పిల్లలు ఆడుకొంటూ ఉండగా ఏ చిన్న తమ్ముడో, చెల్లెలో వచ్చి తామూ ఆడుతామని మారాం చేస్తే, ఏడిపించడం ఇష్టంలేక వారిని ఆటలోకి రానిస్తారు. కాని ఆ పసివాడు దొరికినా దొంగ కాడు. గెలిచినా అది గెలుపు కిందికి రాదు. మధ్యలో ఇంటికి వెళ్ళిపోయినా ఆట ఆగదు. వాడే ఆటలో అరటిపండు. ఆటలో ఉండడం వేరు, ఆటలో లెక్కకు రావడం వేరు అనే సూక్ష్మాన్ని ఇంత క్లుప్తంగా చెప్పే మాట మరొకటి మాకు తోచదు.

పసివాని విషయంలో ఇది ముచ్చటే. రెండేండ్లు గడిస్తే వాడూ పెద్దవాడై జట్టులో చేరిపోతాడు. కాని బాల్యమంతా అరటిపండుగానే మిగిలిపోయే పిల్లలు కొందరున్నారు. మరికొందరికి ఆ భాగ్యమైనా లేదు. వారు వరండాలో కూర్చుండి చూడవలసినవారే. అట్టి పిల్లలను గూర్చి, వారిని నిజంగా లెక్కకు వచ్చే ఆటగాళ్ళుగా చేయడమెట్లా అన్న విషయాన్ని గూర్చి, విద్యార్థి మిత్రులతోను, కళాశాల పాలకవర్గ పెద్దలతోను నాలుగు మాటలు ముచ్చటించాలని మా ఉద్దేశం. మేము వ్యాయామశాస్త్రంలో పండితులం కాము. తెలుగు పాఠాలు చెప్పుకొనేవాళ్ళం. ఐనా ఆట అనేది ఒక్క డ్రిల్లు మాస్టరుగారి సొత్తు కాదు గనుక ఈ సాహసం చేస్తున్నాము.

ఒక జ్ఞాపకం

మా బాల్యం నల్లగొండ జిల్లా పడమటి భాగాన ఒక చిన్న గ్రామంలో గడిచింది. మా తరగతిలో మాకొక స్నేహితుడుండేవాడు. వాని మోకాళ్ళు రెండూ లోపలికి వంగి ఒకదానికొకటి తగిలేవి. నడక కష్టం, పరుగు అసాధ్యం. పళ్ళమీద గోధుమరంగు చారలుండేవి. ఆ చారలు మాకూ కొద్దో గొప్పో ఉన్నవే గనుక వింతగా తోచేవి కావు. సాయంత్రం ఆటల గంట కొట్టగానే మేమంతా మైదానానికి పరుగెత్తేవాళ్ళం. వాడు వరండాలో మా పుస్తకాల సంచులకు కావలి కూర్చునేవాడు. మేము దానిని అన్యాయమనుకోలేదు. వాడు ఆడలేడు గనుక ఆడడంలేదు అనుకొన్నాం. అంతే.

మేము ఆరవ తరగతిలో ఉన్నప్పుడు క్రొత్తగా వచ్చిన డ్రిల్లు మాస్టరుగారు ఒకనాడు ఏడు పెంకులాట ఆడించారు. ఒకదానిపై ఒకటి పేర్చిన ఏడు పెంకులను బంతితో పడగొట్టడం, అవతలి జట్టువారు బంతితో కొట్టేలోగా వాటిని మళ్ళీ పేర్చడం, ఇదే ఆ ఆట. ఆయన పెంకుల చుట్టూ సున్నంతో ఒక గుండ్రని గీత గీసి రెండు క్రొత్త నియమాలు చెప్పారు. మొదటిది: ప్రతి జట్టు నుండి ఒకరు ఆ గీతలో కూర్చోవాలి, వారిని బంతితో కొట్టరాదు. రెండవది: పరుగెత్తేవారు చెదిరిన పెంకులను ఏరి అందించవచ్చును గాని, పేర్చవలసినది మాత్రం ఆ కూర్చున్నవారే. పిదప ఆయన వరండా వైపు తిరిగి మా స్నేహితుణ్ణి పేరుపెట్టి పిలిచారు.

కాళ్ళు సహకరించకపోయినా వాని చేతులు ఎంతో నేర్పుగలవి. ఇంటివద్ద బుట్టలల్లే చేతులవి. మేము అందించిన పెంకు అందించినట్లే దిబ్బమీద కుదురుకొనేది. మా జట్టు గెలిచింది. వారం తిరిగేసరికి జట్లు పంచుకొనేటప్పుడు నాయకులు మొదట పిలిచే పేరు వానిదే అయింది. వాని మోకాళ్ళు ఆ వారంలో మారలేదు. మారినది ఆట నియమం ఒక్కటే. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకొన్న సారాంశం యావత్తు ఆ రెండు నియమాలలోనే ఉన్నది.

నీటి కథ

మా స్నేహితుని కాళ్ళు అట్లా ఎందుకైనవో ఆనాడు మాకు తెలియదు. ఈ ప్రాంతపు విద్యార్థులు మాత్రం తప్పక తెలుసుకోవలసిన చరిత్ర అది. నల్లగొండ నేల గ్రానైటు శిలల నేల. ఆ శిలలలోని ఫ్లోరైడు భూగర్భజలంలో కరిగి బావులలోకి, బోర్లలోకి చేరుతుంది. త్రాగునీటిలో అది లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయం. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నారాయణపురం ప్రాంతాల బావులు అనేకం ఆ హద్దును దాటినవి. అట్టి నీటిని ఏండ్ల తరబడి త్రాగితే మొదట పళ్ళు గారకట్టినట్లవుతాయి. తరువాత కీళ్ళు బిగుసుకొని వెన్నెముక, కాళ్ళు వంగిపోతాయి. ఒకసారి వంగిన ఎముకను పూర్వస్థితికి తెచ్చే మందు లేదు. ముందుగా మంచినీరు ఇవ్వడమే ఉపాయం.

ఈ వ్యాధిని గూర్చి 1955లోనే డాక్టర్ ఎ.హెచ్. సిద్దిఖీ నల్లగొండ జిల్లాను పరిశీలించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం ప్రకటించారు. పిల్లల మోకాళ్ళు లోపలికి వంగే లక్షణాన్ని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రిక ద్వారా ప్రపంచానికి తెలియజేశారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి నీటినుండి ఫ్లోరైడును తొలగించే పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 1970 తరువాతి సంవత్సరాలలో రూపొందించింది. శాస్త్రలోకంలో దాని పేరే "నల్లగొండ పద్ధతి". మన జిల్లా పేరు ప్రపంచానికి ఇట్లా తెలియడం గర్వించదగినదో, దుఃఖించదగినదో చెప్పలేము. తరువాత కృష్ణా జలాలు గ్రామాలకు చేరసాగాయి. ఇంటింటికీ శుద్ధిచేసిన నదీజలం అందించే మిషన్ భగీరథ పథకం 2016లో ప్రారంభమైంది.

నీరు మారినందుకు సంతోషించవలసినదే. కాని ఈ వ్యాధిని గూర్చిన లెక్కలలో పళ్ళ లెక్క ఉన్నది, ఎముకల లెక్క ఉన్నది, బావుల లెక్క ఉన్నది. ఆటల గంటలో వరండాలో గడిచిన సాయంత్రాల లెక్క మాకు ఎక్కడా కనిపించలేదు. ఒక తరం పిల్లలు కోల్పోయినది కాళ్ళ బలమొక్కటే కాదు. తోటివారితో కలిసి గెలిచే, ఓడే, పోట్లాడే, మళ్ళీ కలిసే బాల్యాన్ని కూడా వారు కోల్పోయారు. ఎముకను నిటారు చేయడం ఆనాడు ఎవరి చేతిలోనూ లేదు. ఆటలో చోటివ్వడం మాత్రం మా అందరి చేతిలోను ఉండినది. మేము ఇవ్వలేదు.

ఆట వలన కలిగే ప్రయోజనం

ఆట అనగానే కాలక్షేపమని భావించే తల్లిదండ్రులు నేటికీ ఉన్నారు. శరీరశాస్త్రం మరొక విధంగా చెబుతున్నది. పెరిగే వయస్సులో ఎముకమీద బరువు, కదలిక పడినకొద్దీ అది గట్టిపడుతుంది. పరుగువలన గుండె, ఊపిరితిత్తులు బలపడతాయి. గురిచూసి విసరడంవలన కన్ను, చేయి కలిసి పనిచేయడం నేర్చుకొంటాయి. ఒంటికాలిపై గెంతడంవలన తూకం అలవడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం, 5 సంవత్సరాలు మొదలు 17 సంవత్సరాల వరకు గల బాలబాలికలు వారం మొత్తంమీద సగటున దినానికి 60 నిమిషాలు శరీరానికి శ్రమ కలిగే రీతిలో కదలాలి. వారానికి మూడు దినాలైనా కండరాలను, ఎముకలను బలపరచే ఆటలుండాలి. వికలాంగులైన పిల్లలకు కూడా ఇదే కొలత వర్తిస్తుందని ఆ పత్రంలో స్పష్టంగా వ్రాయబడి ఉన్నది. అనగా కదలిక ఎవనికి కష్టమో వానికి కూడా కదలిక అవసరమే.

ఒక లెక్క వేసి చూద్దాము. నలభైమంది పిల్లలున్న తరగతిని మైదానానికి తీసికొనివెళ్ళి రెండు కబడ్డీ జట్లను ఏర్పరిస్తే ఆడేవారు పద్నాలుగుమంది. తక్కిన ఇరవైఆరుమంది చప్పట్లు కొట్టేవారు. ఆ పద్నాలుగుమంది ప్రతిసారీ వారే, ఆ ఇరవైఆరుమంది ప్రతిసారీ వారే. మనం ఆటల గంట అని పిలిచేది అత్యధికుల విషయంలో చూపుల గంట మాత్రమే.

దేహంతోబాటు మనస్సు సంగతి కూడా చెప్పాలి. తొమ్మిది వందల ఏండ్ల క్రిందట ఇమాం గజాలీ తన 'ఇహ్యా ఉలూముద్దీన్' గ్రంథంలో బాలుర శిక్షణను గూర్చి వివరిస్తూ, పాఠశాలనుండి వచ్చిన బాలుణ్ణి చక్కని ఆట ఆడుకోనివ్వాలని, ఆటను మాన్పించి ఎడతెగక చదువులో ముంచితే వాని హృదయం చచ్చిపోయి తెలివి మందగిస్తుందని హెచ్చరించారు. బాలల చదువును గూర్చి అంత కఠినంగా ఆలోచించిన ధర్మవేత్తయే ఆటను చదువుకు తోడుగా నిలిపినాడన్నది మన తల్లిదండ్రులు గమనించదగిన సంగతి.

మన ఆటల సంపద

అందరినీ కలుపుకొనే ఆటలకోసం మనం దూరదేశాలకు పోనక్కరలేదు. పాలమూరు గడ్డమీద పుట్టిన సురవరం ప్రతాపరెడ్డిగారు తమ 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో రాజుల యుద్ధాలను పక్కనపెట్టి ప్రజల తిండి, బట్ట, పండుగలతోబాటు ఆటలను కూడా ప్రాచీన కావ్యాలనుండి ఏరికూర్చారు. 1955లో తెలుగుకు మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించినది ఈ గ్రంథానికే. ఆట కూడా ఒక జాతి చరిత్రలో భాగమేనని ఆయన మనకు నేర్పినారు.

పోతన భాగవతం చదివిన విద్యార్థులకు గోపబాలుర క్రీడలు తెలిసినవే. ఓడినవారు గెలిచినవారిని వీపున మోయాలన్నది వారి పందెం. ఆ పందెంలో ఓడి సాక్షాత్తు కృష్ణుడే శ్రీదాముణ్ణి మోసినాడు. నాయకునికొక నియమం, సామాన్యునికొక నియమం లేకపోవడమే ఆ ఆటలోని అందం. అరటిపండు పసివానికి ఓటమి లేదు. అందువల్ల గెలుపూ లేదు. ఓటమిలో పాలు పొందినవాడే లెక్కకు వచ్చిన ఆటగాడు.

మన పల్లెలలోని ఆటలను పరికించండి. చిర్రగోనె, గోటీలు, ఏడు పెంకులాట గురికి, చేతి ఒడుపుకు, తొక్కుడుబిళ్ళ తూకానికి, కోతికొమ్మచ్చి ధైర్యానికి, దాగుడుమూతలు ఓపికకు, ఓమనగుంటలు, అష్టాచెమ్మా లెక్కకు, ముందుచూపుకు. వీటిలో చాలవాటికి కావలసిన సామగ్రి ఒక కర్రముక్క, ఒక పెంకు, గుప్పెడు చింతగింజలు. ఆడపిల్లల బొడ్డెమ్మ, బతుకమ్మలు వలయంగా ఆడేవి. వలయంలో మొదటివారు, చివరివారు ఉండరు. ముసలమ్మ అడుగును బట్టి పసిపిల్ల, పసిపిల్ల అడుగును బట్టి ముసలమ్మ కదలవలసినదే. పీరీల పండుగనాడు అలావా చుట్టూ హిందూ ముస్లిం పిల్లలు కలిసి అడుగులు వేయడం మన గ్రామాలకు క్రొత్త కాదు. ఇన్ని ఆటలు మన వాకిట ఉండగా, ఆటలంటే కప్పులు గెలిచే రెండు మూడు పోటీలే అనుకొనడం మన మరపు.

ఆట వెలుపల నిలిచినవారు

నేడు మన రెండు ప్రాంతాలలో ఆట వెలుపల నిలుస్తున్నవారు ఎవరు? మేము చూచినంతలో నాలుగు విధాలవారు.

మొదటివారు వికలాంగ బాలలు. కాలు లేదని, చూపు లేదని, మాట లేదని, బుద్ధి మందగించినదని వారిని పక్కన కూర్చోబెడతాము. అట్లా కూర్చోబెట్టక రానిస్తే ఏమవుతుందో వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామపు బాలిక జీవాంజి దీప్తి చూపించింది. బుద్ధిమాంద్యం ఉన్నదని ఊరివారి ఎగతాళికి గురియైన ఆ పేదింటి పిల్ల పరుగును పాఠశాలలోని వ్యాయామోపాధ్యాయుడు గుర్తించాడు. 2024 మే నెలలో జపాన్‌లోని కోబె నగరంలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీలలో ఆమె 400 మీటర్ల దూరాన్ని 55.07 సెకండ్లలో పరుగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డుతో స్వర్ణపతకం గెలిచింది. అదే సంవత్సరం పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యపతకం సాధించింది. ప్రతి పిల్ల దీప్తి కానక్కరలేదు. ప్రతి పిల్లా పరుగెత్తి చూచే అవకాశం మాత్రం పొందాలి.

రెండవవారు వలసకూలీల పిల్లలు. "పాలమూరు లేబర్" అనే మాట దేశంలోని ఆనకట్టల మీద, కాలువల మీద, నగర నిర్మాణాల మీద తరతరాలుగా వినిపించింది. తల్లిదండ్రులతో వెళ్ళి సంవత్సరం మధ్యలో తిరిగివచ్చే పిల్లవానికి పుస్తకంలో పాఠం దాటిపోయి ఉంటుంది. మైదానంలో జట్టు నిండిపోయి ఉంటుంది. పాఠం చెప్పేందుకు గురువున్నాడు, జట్టులో చేర్చేందుకు ఎవరున్నారు?

మూడవవారు బాలికలు. పదకొండు, పన్నెండేండ్లు రాగానే హిందూ ముస్లిం భేదం లేకుండా మన ఇండ్లలో ఆడపిల్ల ఆట ఆగిపోతుంది. ఎముక గట్టిపడవలసిన వయస్సు సరిగ్గా అదే. నిజామాబాదు పట్టణంలోని ఒక సామాన్య ముస్లిం కుటుంబంలో పుట్టిన నిఖత్ జరీన్‌ను ఆమె తండ్రి తానే మైదానానికి తీసికొనివెళ్ళినాడు. ఆ బాలిక 2022లో ఇస్తాంబుల్‌లోను, 2023లో ఢిల్లీలోను ప్రపంచ బాక్సింగ్ విజేతగా నిలిచింది. ఆ తండ్రి వేసిన మొదటి అడుగుకు డబ్బు అవసరం కాలేదు. ఇరుగుపొరుగు మాటలను సహించే ధైర్యం అవసరమైంది.

నాల్గవ భేదం మన కళాశాల వంటి చోట్లనే కనిపిస్తుంది. ఉర్దూ మీడియం పిల్లలు ఒక చెట్టు క్రింద, తెలుగు మీడియం పిల్లలు మరొక చెట్టు క్రింద ఆడుకొంటారు. ద్వేషమేమీ లేదు; పిలుపు లేదు, అంతే. వారు గిల్లీ దండా అంటారు, వీరు చిర్రగోనె అంటారు, ఆట ఒక్కటే. కబడ్డీ కూతకు అనువాదం అక్కరలేదు. రెండు భాషల పాఠాలను ఒకే గదిలో చెప్పడం కష్టమేమో గాని, రెండు భాషల పిల్లలను ఒకే జట్టులో ఉంచడానికి కావలసినది ఒక్క సంకల్పం.

నియమాన్ని మార్చే విద్య

ఇక అసలు పాఠానికి వద్దాము. ఒక పిల్లవాడు ఒక ఆట ఆడలేకపోతున్నాడనుకోండి. పిల్లవాణ్ణి మార్చడం మన చేతిలో లేదు. ఆటలో మాత్రం మార్చదగినవి నాలుగున్నవి: చోటు, పరికరం, నియమం, తోడు.

చోటు మార్చడమంటే మైదానపు కొలతను మార్చడం. పరుగు నెమ్మదైనవానికి గీతను దగ్గరగా గీయవచ్చును. ఖోఖోలో కూర్చున్నవారి మధ్య దూరం తగ్గించవచ్చును. చక్రాల కుర్చీ కదిలేందుకు గట్టినేలను ఎంచుకోవచ్చును.

పరికరం మార్చడం మరింత సులభం. చూపులేని పిల్లవానికోసం బంతిలో గజ్జెలు పెడితే అతడు చెవితో బంతిని పట్టుకొంటాడు. వినికిడిలేని పిల్లకు ఈల బదులు రంగుగుడ్డ ఊపితే చాలు. పట్టు బలహీనమైన చేతికి తోలుబంతి బదులు గుడ్డబంతి ఇవ్వవచ్చును.

నియమం మార్చడం మూడవది. మా డ్రిల్లు మాస్టరుగారు చేసినది ఇదే. బంతి ప్రతివాని చేతికీ ఒకసారి తగిలిన తరువాతనే గురికి విసరాలని నియమం పెడితే, జట్టులో అందరికన్న నెమ్మదైనవాడే అందరికన్న ముఖ్యుడవుతాడు. తొక్కుడుబిళ్ళలో ఒంటికాలిపై గెంతలేనివారు రెండు కాళ్ళతో నడచి, బిళ్ళను మాత్రం ఒక గడి ఎక్కువ దూరం విసరాలని నిర్ణయించవచ్చును. నియమం మారినప్పుడు కష్టం ఒకచోట తగ్గి మరొకచోట పెరగాలి. అప్పుడే అది జాలితో ఇచ్చిన రాయితీ కాక నిజమైన ఆట అవుతుంది.

నాల్గవది తోడు. చూపులేనివాని మణికట్టుకు, చూపున్నవాని మణికట్టుకు ఒకే దారం కట్టి పరుగెత్తించవచ్చును. క్రొత్తగా వచ్చిన వలసపిల్లవానికి ఒక వారంపాటు ఒక జతగాణ్ణి నియమించవచ్చును. కాని తోడు వచ్చినవాడు ఆటను తానే ఆడివేయరాదు. తోడు ఎక్కువైతే మళ్ళీ అరటిపండే.

నియమాన్ని మార్చడం ఆటను చెడగొట్టడమని కొందరు ఆక్షేపిస్తారు. వారికి సమాధానం హైదరాబాదు చరిత్రలోనే ఉన్నది. పాఠశాల ఉపాధ్యాయుడుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు భారత ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడై 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణపతకం తెచ్చారు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగవ స్థానంలో నిలిచినది కూడా ఆయన శిక్షణలోనే. అట్టి మహాశిక్షకుడు బాలురకోసం బలహీనమైన కాలితోనే బంతిని తన్నాలనే పోటీలు, బంతిని కాలివద్ద నడపక వెంటనే తోటివానికి అందించాలనే పోటీలు పెట్టేవారు. బలమైన కాలికి అడ్డుకట్ట వేస్తే బలహీనమైన కాలికి విద్య వస్తుందని, ఒంటరి నేర్పుకు అడ్డుకట్ట వేస్తే జట్టు పుడుతుందని ఆయన ఎరుగుదురు. నియమం మార్చినందువల్ల ఆయన ఆట చెడలేదు, దేశం గెలిచింది.

మరొక సందేహం న్యాయమైనది: దెబ్బ తగిలితే? ఎముకల వ్యాధి, గుండెజబ్బు, మూర్ఛ ఉన్న పిల్లలను వైద్యుని సలహా లేకుండా గెంతించరాదు, పరుగెత్తించరాదు. మోకాళ్ళు వంగిన పిల్లవానికి కూర్చుండి విసరే ఆట మేలు, దూకే ఆట కీడు. నేలమీద రాళ్ళు ఏరివేయడం, మధ్యాహ్నపు ఎండను తప్పించడం, త్రాగడానికి మంచినీరు ఉంచడం ఆడించేవారి మొదటి బాధ్యత. నీటివల్లనే కాళ్ళు కోల్పోయిన ప్రాంతంలో ఈ చివరి మాటను మరొకసారి చెప్పనక్కరలేదు. ఐతే జాగ్రత్త పేరుతో ఆటనే మాన్పించడం సులభమైన దారి, మంచి దారి కాదు. ఏ ఆట వద్దని వైద్యుణ్ణి అడిగినప్పుడే, ఏ ఆట ఆడవచ్చునని కూడా అడగడం మన విధి.

చట్టం, మైదానం

ఆడుకొనడం బాలల హక్కు అని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణంలో చెప్పబడింది. భారతదేశం 1992లో దానికి అంగీకారం తెలిపింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి పాఠశాలకు ఆటస్థలం, ఆటసామగ్రి ఉండాలని శాసించింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 30వ సెక్షను క్రీడలలో వారి భాగస్వామ్యాన్ని, అందుకు తగినట్లు కార్యక్రమాలను, వసతులను సవరించడాన్ని ప్రభుత్వ బాధ్యతగా పేర్కొన్నది. చట్టం మైదానాన్ని ఇవ్వగలదు. జట్లు పంచుకొనేటప్పుడు ఎవరి పేరు మొదట పిలవాలో మాత్రం చట్టం చెప్పలేదు. అది పిల్లలు, వారి పెద్దలు నేర్చుకోవలసిన సంస్కారం.

మా మనవి

ఇంతవరకు చెప్పినది మన కళాశాల గోడలలోపల ఏ రూపం దాల్చవచ్చునో సూచించి విరమిస్తాము. పాలకవర్గ పెద్దలకు మా మనవి: మన మైదానం సాయంత్రాలు ఖాళీగానే ఉంటున్నది. వారానికి రెండు సాయంత్రాలు ఇరుగుపొరుగు వాడల పిల్లలకోసం దానిని తెరవాలి. అందులో ఒక సాయంత్రం మహిళా అధ్యాపకుల పర్యవేక్షణలో బాలికలకు కేటాయించాలి. మైదానానికి దిగే మెట్ల పక్కన చక్రాల కుర్చీ దిగేందుకు ఒక వాలుదారి కట్టించాలి. గజ్జెల బంతులు, గుడ్డబంతులు, రంగుగుడ్డలు, సున్నం, పెంకులు గల ఒక పెట్టెకు అయ్యే ఖర్చు మన వార్షికోత్సవంలో పూలదండలకు అయ్యే ఖర్చును మించదని మా అంచనా.

విద్యార్థి మిత్రులారా! మీకు మా మనవి వేరు. సెలవులలో మీ ఊళ్ళకు వెళ్ళినప్పుడు మీ నానమ్మలను, అమ్మమ్మలను, దాదీలను, నానీలను అడిగి వారి చిన్ననాటి ఆటలను, వాటి నియమాలను వ్రాసికొని రండి. తెలుగులో వ్రాయండి, ఉర్దూలో వ్రాయండి. ప్రతి ఆట చివర ఒక ప్రశ్న వేసికొనండి: మా వాడలో ఈ ఆట ఆడలేనివారు ఎవరు? వారు ఆడాలంటే చోటులో, పరికరంలో, నియమంలో, తోడులో ఏది మార్చాలి? ఆ సమాధానాలను వచ్చే సంవత్సరపు సంచికలో అచ్చువేయించే భారం మేము వహిస్తాము. రాబోయే క్రీడాదినోత్సవంలో కప్పులు ఎవరు గెలిచినా సరే, ఆ దినం వరండాలో కూర్చున్నవారు ఎందరో లెక్కించండి. ఆ సంఖ్య సున్న ఐననాడు మన కళాశాల గెలిచినట్లు.

గత వేసవిలో మా ఊరికి వెళ్ళినప్పుడు ఆ చిన్ననాటి స్నేహితుణ్ణి కలిశాము. బస్సు స్టేజీ దగ్గర చిన్న కిరాణా దుకాణం నడుపుకొంటున్నాడు. కాళ్ళు ఇంకా బిగుసుకొన్నవి. రెండు చేతికర్రలమీద నిలబడి టీ తెప్పించాడు. వాని కూతురు దుకాణం ముందు తోటిపిల్లలతో తొక్కుడుబిళ్ళ ఆడుతున్నది. నిటారైన కాళ్ళు, తెల్లని పళ్ళు. ఆమె త్రాగి పెరిగినది నదినీరు. మాటలమధ్య బడి ప్రస్తావన వచ్చింది. "ఏం భాయ్, నువ్వు చదివి లెక్చరర్‌వయినవు, మంచిగనే ఉంది. గని ఆ దినం ఏడో పెంకు పెట్టింది మాత్రం నేనే, యాదున్నదా?" అని నవ్వినాడు.

యాదున్నది. బడిలో వానికి వచ్చిన మార్కులు వానికి గుర్తులేవు, మాకు గుర్తులేవు. ఆ ఏడవ పెంకు మాత్రం ఇద్దరికీ గుర్తున్నది. మన చుట్టూ ఉన్న ప్రతి పిల్లవానికీ, ప్రతి పిల్లకూ జీవితమంతా చెప్పుకొనేందుకు అట్టి పెంకు ఒక్కటైనా అందించడమే మనం చేయవలసిన పని.